పూజలో పెట్టిన పామ్‌టాప్

నాకు ఎవరి మీదైనా అసూయ పుడితే ముందు వాళ్ళ చేతిలో ఉన్న వస్తువు మీద కోపం వస్తుంది. కాలేజీలో పక్కవాడి ఇంకు పెన్ను, పెళ్ళయిన కొత్తలో మా తోడల్లుడి మోటార్‌సైకిల్, ఇలా నాకు గిట్టని వస్తువులు చాలానే ఉన్నాయి. నలభై దాటి, ఇంక బుద్ధి వచ్చిందిలే అనుకుంటున్న వయసులో, అరచేతిలో ఇమిడే ఒక నల్లటి మిషన్ మీద కోపం వచ్చింది. దాన్ని పామ్‌టాప్ అనేవాళ్ళు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఫోనంటే మాట్లాడుకోవడానికే అనుకునే రోజుల్లో, అది రాసుకోవడానికి పనికొచ్చే వస్తువు. అది నాది కాదు. నా తర్వాత పదేళ్ళకు ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయిది.

నేను అప్పుడు చిత్తూరులో ఒక ప్రైవేటు డెయిరీలో పశువుల డాక్టరుని. పూతలపట్టు, పెనుమూరు వైపు పల్లెలు నా రూటు. డెయిరీకి పాలు పోసేవాళ్ళ ఆవులకు జబ్బు చేస్తే చూడటం నా పని. పొద్దున్నే పాల సెంటర్ల దగ్గర ఎవరి ఆవుకు ఏమైందో కనుక్కుని, బండి మీద ఇంటింటికీ తిరిగేవాణ్ణి. నాకంటే బాగా వైద్యం చేసేవాళ్ళు జిల్లాలో బోలెడుమంది ఉన్నారు. కానీ నాలాగా గుర్తుపెట్టుకునేవాళ్ళు లేరని పేరు. దొడ్లో అడుగు పెడుతూనే, “పోయిన ఉగాదికి ఈనినాక మాయ పడక ఏడిపించింది ఈ ఆవే గదవ్వా?” అనేవాణ్ణి. వాళ్ళు నోరు తెరిచేవాళ్ళు. “మా ఇంట్లోవాళ్ళకే గుర్తు లేదు, సార్‌కు ఎంత గేపకమో సూడు!” అనుకునేవాళ్ళు. ఆ మాట చెవిన పడితే ఆ పూట నాకు అన్నం తినకపోయినా ఫరవాలేదు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. ఊరు మొదట్లో బండి ఆపి, పెట్రోలు చూస్తున్నట్టు వంగి, జేబులోంచి చిన్న డైరీ తీసి చదువుకునేవాణ్ణి. ఏ ఇంటికి పోతున్నానో ఆ ఇంటి పేజీ కంఠతా పట్టి, డైరీ మళ్ళీ జేబులో తోసి, అప్పుడు ఊళ్ళోకి పోయేవాణ్ణి. పదేళ్ళు ఎవరికీ చిక్కలేదు. మా ఇంట్లో ఆవిడకు కూడా తెలియదు. ఏడాది మారగానే ముఖ్యమైన నాలుగు ముక్కలు కొత్త డైరీలోకి ఎక్కించి, పాతది పిల్లలకు లెక్కలు చేసుకోవడానికి ఇచ్చేసేవాణ్ణి.

ఆ అమ్మాయిది తిరుచానూరు. వాళ్ళ నాయన అమ్మవారి గుడి దగ్గర పూలు కడతాడు. తిరుపతిలోనే పశువైద్యం చదివి, మొదటి ఉద్యోగానికి మా డెయిరీలో చేరింది. మేనేజరు ఆమెను నా రూటులోనే వేసి, పని నేర్పించమన్నాడు. చేరిన రెండో రోజు మొదటి దొడ్లోనే బ్యాగులోంచి ఆ మిషన్ తీసింది. చెన్నైలో ఉన్న మేనమామ తను వాడి పక్కన పెట్టింది ఇచ్చాడట. దాంతోపాటు ఒక ప్లాస్టిక్ పుల్ల. ఆ పుల్లతో తెర మీద గీకుతూ, ఆవు గలవాళ్ళ ఎదురుగానే, ఏమాత్రం దాపరికం లేకుండా రాసుకోవడం మొదలుపెట్టింది. నాకు నవ్వొచ్చింది. ఇంకేముంది, ఈ పిల్లకు ఏమీ గుర్తుండదని ఊరంతా తెలిసిపోతుంది అనుకున్నాను.

“ఏమ్మా, చెవిలో గుమిలి తీసుకునే పుల్ల మాదిరి ఉండాదే!” అన్నాను.

“దీంతో రాస్తే సాయంత్రానికి ఆఫీసు కంప్యూటర్లో గూడా వచ్చేస్తుంది సార్,” అంది. నా ఎకసెక్కెం ఆమెకు తగల్లేదు. అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

ఏ ప్రోగ్రాంలో రాసుకోవాలో తేల్చుకోవడానికి ఆమెకు నెల పట్టింది. మధ్యాహ్నం క్యారియర్ విప్పుకుని కూర్చున్నప్పుడు నన్నే అడిగేది. ఒక ప్రోగ్రాంలో కాగితం మీద రాసినట్టు ఎంతైనా రాసుకోవచ్చు కానీ, కావలసినప్పుడు వెతికితే దొరకదు. ఇంకొకటి గళ్ళు గళ్ళుగా ఉంటుంది, ఆవు చెవి బిళ్ళ నంబరు లేనిదే ఒక్క ముక్క రాయనివ్వదు. మూడోది ప్రతి చీటీకి పైన ఒక పేరు పెట్టుకోనిస్తుంది, ఆ పేరుతో వెతకనిస్తుంది. నేను అన్నం కలుపుకుంటూ చెప్పాను. “చెవి బిళ్ళ నంబరు యెవురికి గుర్తుంటాదమ్మా? వాళ్ళు ఫోను చేసి ఏమంటారు? వేపచెట్టింటి అవ్వ నల్లావు అంటారు, గంగమ్మ గుడి యెనకింటి కుంటి జెర్సీ అంటారు. ఆ మాటే పేరుగా పెట్టుకో.” ఆమె మూడోదే ఎంచుకుంది. తెలుగు అక్షరాలు అందులో లేవు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు కూర్చి వేపచెట్టు అవ్వ అనే రాసుకుంది. దారి చూపింది నేను. ఆ విషయం ఎవరూ అడగలేదు, ఆమె కూడా ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడదని కాదు, అది చెప్పుకోవాల్సినంత పెద్ద విషయమని ఆ అమ్మాయికి తోచలేదు. నాకు తోచింది.

మొదటి ఆరునెలలు నేనే గురువుని. బండి వెనక కూర్చుని, ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంటి కథ అడిగేది. డైరీలో ఉన్నవీ లేనివీ అన్నీ చెప్పేవాణ్ణి. ఆమె అంత శ్రద్ధగా రాసుకుంటుంటే ఒళ్ళు పొంగేది. తర్వాత మేనేజరు ఆమెకు ఒక మోపెడ్ ఇప్పించి, సగం పల్లెలు అప్పగించాడు. అప్పుడు మొదలైంది అసలు మంట.

ఆమె దొడ్లోకి పోయి మిషన్ తీసి చదివేది. “అవ్వా, మీ ఆవుకు మూడో ఈతలో పాలు తగ్గినాయి, అప్పుడు ఈ మందు వేసినారు,” అని చూసి మరీ చెప్పేది. గుర్తులేక చూసి చదువుతోంది గదా, జనం తక్కువ చేస్తారనుకున్నాను. వాళ్ళు దాన్నే నెత్తిన పెట్టుకున్నారు. తమ ఆవు చరిత్ర మిషన్‌లో ఉందంటే వాళ్ళకు గొప్ప. నేను ఊరి బయట దొంగలా వంగి చదివిన దానికి మెచ్చుకోలు వస్తే, ఆమె నడి దొడ్లో నిలబడి చదివిన దానికి అంతకు రెట్టింపు వచ్చింది. ఒకరోజు ఆమె సెలవులో ఉంటే వేపచెట్టింటికి నేను పోయాను. ఆ ఇంటి అవ్వకు ఒకటే ఆవు. దాని పాల మీదనే ఆమె బతుకు. నన్ను చూసి ఆమె ముఖం చిన్నబోయింది.

“ఆయమ్మ రాలేదా నాయనా? పుల్ల మిషన్లో నా ఆవు కతంతా ఉండాదే!”

పదేళ్ళు నేను తొక్కిన వాకిలి అది. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా ఆ మాటే. చింతచెట్ల కింద ఎదురైన గొర్రెల మందను కూడా తిట్టాను.

నేను ఊరుకోలేదు. ఇంట్లో పిల్లల చదువుకని కొన్న కంప్యూటర్ ఉంది. ఆవులన్నింటినీ ఆమె వద్దనుకున్న గళ్ళలోనే ఎక్కించడం మొదలుపెట్టాను. ఇంట్లో సగం, ఆఫీసులో సగం. మధ్యలో ఫ్లాపీలో పెట్టుకుని మోసేవాణ్ణి. కొన్నాళ్ళకు ఇంటి కంప్యూటర్లో చూడితో ఉన్న ఆవు ఆఫీసు కంప్యూటర్లో గొడ్డుదైంది. జేబు డైరీలో అదే ఆవును అమ్మేశారని ఉంది. ఒక ఆదివారం ఏది సరైనదో తెలియక, ఫ్లాపీలో ఉన్న పాతదాన్ని తెచ్చి కొత్తదాని మీద కాపీ చేశాను. నెల రోజుల రాత మాయమైంది. మా ఆవిడ కాఫీ తెచ్చి, “ఏమట్లా కూర్చున్నారు?” అంటే ఏమీ లేదన్నాను. మిగిలింది కూడా తుడిచేసి, అప్పటినుంచి ఆ ప్రయత్నం వదిలేశాను. కానీ పాఠం మాత్రం బుర్రకెక్కింది. ఖాళీదో పాతదో తెచ్చి మీద పెడితే, కింద ఉన్నది పోతుంది. ఈ ముక్క ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసిన పని తెలియక చేశానని ఎవరూ అనుకోకూడదు.

ఓడిపోయాక ఆమె మిషన్ గురించి ఆరా తీయడం మొదలుపెట్టాను. పట్టనట్టు, పేపరు తిరగేస్తూ అడిగేవాణ్ణి. ఆఫీసు కంప్యూటర్ పక్కన ఒక చిన్న స్టాండు ఉండేది. సాయంత్రం వచ్చి మిషన్‌ను అందులో నిలబెడితే టింగుమని మోగి, పగలు రాసిందంతా కంప్యూటర్లోకి చేరేది. దానికి చార్జింగు కూడా అందులోనే.

“చార్జింగు పూర్తిగా అయిపోతే దీనికేమీ గుర్తుండదు సార్. కొత్తగా కొన్నప్పటి మాదిరి అయిపోతాది. అందుకే దినామూ స్టాండులో పెడతా. కంప్యూటర్లో ఇంగోటి ఉండాది గదా, దాన్నించి మళ్ళా నింపుకోవచ్చు.”

“రెండిట్లో వేరేవేరేగా ఉంటే?”

“అడుగుతాది సార్. రెండూ కలపాల్నా, కంప్యూటర్లోది ఉంచాల్నా, మిషన్లోది ఉంచాల్నా అని. మనం చెప్పినట్ల చేస్తాది.”

నేను పేపరు మడిచి పక్కన పెట్టాను. ఇంకోటి కూడా ఆ రోజుల్లోనే జరిగింది, దాన్ని నేను గమనించలేదు. డైరీ రాయడం మానేశాను. ఏదైనా కావాలంటే, “అమ్మా, ఆ కుంటి జెర్సీది ఒకసారి సూడు,” అని ఆమెనే అడిగేవాణ్ణి. అడిగిన ప్రతిసారీ ఆమె మీద కోపం వచ్చేది, మళ్ళీ అడిగేవాణ్ణి.

ఆ దసరాకు ముందు మేనేజరు మీటింగు పెట్టాడు. వచ్చే నెల నుంచి డాక్టర్లందరూ ఈ అమ్మాయి పద్ధతిలోనే రాసుకోవాలి, వారానికి రెండు రోజులు ఆమే నేర్పిస్తుంది అన్నాడు. మిగతా డాక్టర్లు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నేను పని నేర్పిన పిల్ల దగ్గర పలకా బలపం పట్టుకుని కూర్చోవాలి. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ కుర్చీలో కూర్చుని తెలుసుకున్నాను.

మా వైపు ఆయుధపూజ గట్టిగా చేస్తారు. డెయిరీలో అయితే మరీ. పాలకు సెలవు లేదు కాబట్టి యంత్రాలకు బొట్లు పెట్టి మళ్ళీ నడిపిస్తారు. కానీ మా డాక్టర్ల గది పద్ధతి వేరు. సూదులు, థర్మామీటర్లు, బండి తాళాలు, అన్నీ అమ్మవారి పటం ముందు పెట్టి పసుపు కుంకుమలు చల్లి, బూడిద గుమ్మడికాయ కొట్టి, బొరుగులూ బెల్లమూ పంచుకుని, గదికి తాళం వేస్తారు. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు విజయదశమి దాటేదాకా ముట్టుకోకూడదు. ఆ మధ్యలో ఎవరికైనా అవసరం పడితే ఇంట్లో ఉన్న పాత సామానుతో పోవాలి. ఆ ఏడు దశమి తర్వాత ఆదివారం కూడా కలిసొచ్చింది.

అందరూ తమ తమవి పెట్టారు. ఆమె సూదుల పెట్టె పెట్టి, మిషన్‌ను మాత్రం స్టాండులో నిలబెట్టబోయింది.

“అదేమ్మా? నీ ఆయుధమే పెట్టకుండా పోతావా?” అన్నాను.

“చార్జింగు తక్కువుండాది సార్. ఈడ ఉంటే...”

“కంప్యూటర్ ఆపేసి బొట్టు పెట్టేసినాం గదా. మెయిను గూడా ఆపేస్తారు. స్టాండులో ఉన్నా ఒకటే, పటం ముందర ఉన్నా ఒకటే. అందురూ పెట్టినాంక నువ్వొకతే పెట్టకపోతే బాగుంటాదా?”

స్టాండుతో సహా ఆమె ఇంటికైనా తీసుకుపోయి ఉండవచ్చు. కానీ అందరూ చూస్తున్నారు, పెద్దవాణ్ణి నేను అడుగుతున్నాను, పైగా అది అమ్మవారి ఎదుట. మిషన్ తెచ్చి నా స్టెతస్కోపు పక్కన పెట్టింది. నేనే దానికి కుంకుమ బొట్టు పెట్టాను. ఆమె తిరుపతి బస్సెక్కి పోయింది. మూడు రోజులు ఇంట్లో కంచం ముందు కూర్చుని, దాని చార్జింగు ఎంతలోకి దిగిందో లెక్క వేసుకున్నాను. పిల్లలు అడిగితే కడుపు ఉబ్బరం అన్నాను.

సోమవారం పొద్దున అందరికంటే ముందు నేనే వెళ్ళి తాళం తీశాను. వాడిన బంతిపూలు, ఎండిన కొబ్బరి చెక్కలు. మిషన్ తెర నల్లగా ఉంది. మెయిను వేసి, కంప్యూటర్ పెట్టి, మిషన్‌ను స్టాండులో నిలబెట్టాను. కాసేపటికి వెలిగింది. కొత్తగా పెట్టెలోంచి తీసినట్టు, పుల్లతో తెర మూలల్లో తాకమని అడిగింది. తాకాను. లోపల ఏమీ లేదు. అంతవరకు జరిగింది ఆమెకు ఒక పూట చిరాకు మాత్రమే, సాయంత్రంలోగా కంప్యూటర్ నుంచి నింపుకునేది. నాకు కావలసింది కూడా అంతే అనుకున్నాను, ఆ పూట ఆమె ముఖం ఎలా ఉంటుందో చూడాలని.

అప్పుడు కంప్యూటర్ అడిగింది. మిషన్‌లో ఒక్క చీటీ లేదు, ఇక్కడ నాలుగు వందలకు పైగా ఉన్నాయి, కలపాలా, ఇక్కడివి ఉంచాలా, మిషన్‌లో ఉన్నట్టు చేయాలా అని. ఆ ఇంగ్లీషు నాకు అర్థమైంది. ఒక్కొక్క మాటా రెండుసార్లు చదివాను. మూడోది నొక్కాను. “నిజంగానా?” అని మళ్ళీ అడిగింది. ఔనన్నాను. బయట పాల వ్యాను హారను కొడుతోంది. అది గేటు దాటేలోపు అయిపోయింది.

ఆమె వచ్చి చూసి కుర్చీలో కూలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. కుంకుమ అంటిన మిషన్‌ను చున్నీ కొంగుతో తుడుస్తూ, “యెట్ల సార్, కంప్యూటర్లో గూడా లేదే!” అంది.

“చార్జింగు అవుతాదని నేనే స్టాండులో పెట్టినా. నేను పెట్టేటప్పటికే ఖాళీగా ఉండె.”

“ఖాళీదే ఇందులోకి గూడా పోయినట్లుండాది,” అంది. ఇంకో కాపీ ఉందా అని నేను అడిగాను. లేదని నాకు తెలుసు. రెండు చోట్ల ఉంది గదా మూడోది ఎందుకని వదిలేశానంది. తర్వాత నా వైపు తిరిగింది. ఆ ముఖంలో ధైర్యం వచ్చింది. “అయినా యేముంది సార్! సగం మీరు చెప్పినవే గదా. మీకంతా గుర్తే. మీరు చెప్పండి, మళ్ళా రాసుకుంటాను.”

ఆ తర్వాతి మూడు వారాలు నా ఉద్యోగంలో నేను గడిపిన మంచి రోజులు. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా నిజం. నేర్పించే క్లాసులు వాయిదా పడ్డాయి. రోజూ మధ్యాహ్నం రూటు ముగించుకొచ్చి నా బల్ల ఎదురుగా కూర్చునేది. ఒక ఊరి పేరు చెప్పి, పుల్ల పట్టుకుని నా నోటి వైపు చూసేది. కానీ మొదటి రోజే నాకు ఒక సంగతి తెలిసొచ్చింది. ఊళ్ళు గుర్తున్నాయి, ఇళ్ళు గుర్తున్నాయి, ముఖాలు గుర్తున్నాయి. ఏ ఆవుకు ఏమైందో లేదు. డైరీ లేదు, పాత డైరీలు పిల్లల లెక్కలతో పాటు పోయాయి. ఉన్నదంతా ఎప్పుడో ఆమె మిషన్‌లో పోసేసి నేను ఖాళీగా ఉన్నాను, అది నేనే తుడిచేశాను. తెలియదు అనాల్సింది. అనలేదు. గుర్తున్నది గుర్తున్నట్టు, లేనిది ఉన్నట్టు, ఒకే గొంతుతో చెప్పుకుంటూ పోయాను. ప్రతి చీటీ చివర ఆమె కొత్తగా ఒక మాట చేర్చేది, సార్ చెప్పినారు అని. మొదట ఆ మాట ఎక్కడా ఉండేది కాదని నేను ఎంత కుమిలానో! ఇప్పుడు దాన్ని చూడలేక గోడ గడియారం వైపు చూసేవాణ్ణి.

ఒకరోజు వేపచెట్టింటి ఊరు వచ్చింది.

“సార్, ఆ అవ్వ ఆవుకు పెన్సిలిన్ పడదని రాసుకున్నట్లు గుర్తు. అవ్వదేనా, పక్కింటోళ్ళ ఆవుదా?”

“పక్కింటోళ్ళది,” అన్నాను, ఒక్క క్షణం ఆగకుండా.

“నాకు అవ్వదనే...”

“నేను పదేండ్లుగా తిరగతా ఉండా ఆ ఊర్లో. నాకు తెలీదామ్మా?”

ఆమె పక్కింటివాళ్ళదని రాసుకుంది. సార్ చెప్పినారు అని కూడా రాసుకుంది.

పది రోజులు తిరక్కుండా ఆ ఊరి పాల సెంటర్ నుంచి ఆఫీసుకు ఫోను వచ్చింది. అవ్వ ఆవుకు పొదుగువాపు, మేడమ్ సూది వేసింది, ఆవు పడిపోయింది. నేను బండి తీసి ఎంత వేగంగా పోయానో నాకే తెలియదు. దొడ్లో ఆవు పక్కకు పడి ఉంది. కనురెప్పలు వాచి కళ్ళు మూసుకుపోయాయి, ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరి కొలిమి తిత్తిలా ఆడుతోంది. ఆమె మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని, ఆవు మెడ కింద చేయి పెట్టి ఉంది. విరుగుడు సూది అప్పటికే వేసింది. నాకంటే చురుగ్గా, సరిగ్గా చేసింది. నేను చేయడానికి ఏమీ మిగల్లేదు. ఇద్దరం కూర్చుని ఆవు ఊపిరి వింటూ ఉండిపోయాం. చాలాసేపటికి అది తల ఎత్తింది. ఇంకాసేపటికి ముందు కాళ్ళు కూడదీసుకుని లేచి నిలబడి, అవ్వ చేతిలోని నీళ్ళ బకెట్లో మూతి పెట్టింది.

అప్పుడు అవ్వ మొదలుపెట్టింది. “ఆ పొద్దు గూడా ఇట్లనే పడిపోయింది గదే! ఈయప్ప చేతిలోనే పడింది. ఈయప్పే మళ్ళా లేపినాడు. ఈయప్పకు తెలుసు గదా, నీకు చెప్పలేదా?”

నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆమె చేరకముందు, ఇదే దొడ్లో, ఇదే ఆవు. నా చేతి సూదికే. చొక్కా చెమటతో తడిసి ముద్దయిన సంగతి కూడా గుర్తొచ్చింది.

నేను నోరు తెరిచేలోపే ఆమె అంది. “చెప్పినారవ్వా. నేనే తప్పుగా రాసుకున్న్యాను.”

“అయితే ఇంగ నువ్వు రావద్దు తల్లీ,” అంది అవ్వ. నా వైపు తిరిగి, “నువ్వే రా నాయనా. ఆ మిషన్లన్నీ నమ్మితే నా బతుకు బుగ్గయిపోతాది. నీ మాదిరి గుర్తుండేవాళ్ళు యాడ ఉండారు!” అంది.

రెండేళ్ళుగా ఆ మాట కోసమే మాడిపోయాను. చెవిలో పడింది. ఆమె తల వంచుకుని సూదుల పెట్టె సర్దుకుంటోంది. నీ తప్పు కాదమ్మా అని నేను అనొచ్చు, అవ్వ ఎదురుగానే అనొచ్చు. ఆవు తోక వైపు చూస్తూ నిలబడ్డాను. అప్పుడు కూడా నాకు ఆమెను చూస్తే అసూయే కలిగింది. తనది కాని తప్పును తనదని అంత సులువుగా అనేసింది. నాకు నాదే నోట రావడం లేదు.

సాయంత్రం నాలుగింటికి ఆఫీసులో ఎప్పటిలా నా ఎదురుగా వచ్చి కూర్చుంది. ముఖం కడుక్కుంది, మోకాళ్ళ మీద మాత్రం మట్టి మరకలు అలాగే ఉన్నాయి. మిషన్ తీసి బల్ల మీద పెట్టింది.

“సార్, మొన్నటి నుంచి రాసినవన్నీ ఒకసారి మళ్ళా సూద్దాం. మీకు బాగా గుర్తుండేవి మాత్రం చెప్పండి. లేనివి ఖాళీగా పెట్టేద్దాం. ఖాళీగా ఉంటే అడిగి తెలుసుకుంటాం గదా.”

ఒక్కొక్క ఇంటి పేరే చదివింది. గంగమ్మ గుడి వెనకింటి కుంటి జెర్సీ. గుర్తులేదు అన్నాను. ఆ మాట మొదటిసారి అనడం కష్టమైంది. ఆమె ఆశ్చర్యపోలేదు, సార్ చెప్పినారు అన్న మాట తుడిచేసి ముందుకు పోయింది. బావి గట్టింటి తెల్లావు. గుర్తులేదు. మిల్లు పక్కింటి పెయ్య. గుర్తులేదు. పది దాటాక తేలికైంది, ఇరవై దాటాక నాకే హాయిగా అనిపించింది. ఆ ఒక్క మాట ముందే అని ఉంటే సరిపోయేది గదా అనుకున్నాను. గంటకు పైగా పట్టింది. సగానికి సగం చీటీలు ఖాళీ అయ్యాయి.

ఆమె పుల్లను మిషన్ పక్కన దాని సందులో దూర్చింది. లేవలేదు. మిషన్ వైపే చూస్తూ, చాలా మామూలుగా, ఇంకో ఆవు గురించి అడిగినట్టే అడిగింది.

“సార్, ఆ సోమవారం పొద్దున మీరు దీన్ని స్టాండులో పెట్టినప్పుడు, కంప్యూటర్ మిమ్మల్ని ఏమన్నా అడిగిందా?”

“గుర్తులేదు,” అన్నాను.

ఆ సాయంత్రం నేను అన్న గుర్తులేదులన్నింటిలో అదొక్కటే అబద్ధం. ఆమె నా ముఖం వైపు ఒకసారి చూసి, సరే సార్ అని, బ్యాగు భుజాన వేసుకుని బస్సుకు పోయింది.